బరంపురంలో మేకప్ ఇంటర్వ్యూ: బ్రాండ్ కౌంటరా, పెళ్లిళ్ల పార్లరా?

పార్లర్‌లో ముందు అడిగేది ఫోన్‌లోని పెళ్లికూతుళ్ల ఫొటోలు. జడ వేయడం, చీర కట్టడం వస్తే సగం పని అయినట్టే.

మేకప్ కంపెనీలు దుకాణాల్లో పెట్టే బ్రాండ్ కౌంటర్ ఇంటర్వ్యూ వేరు. అక్కడ చేయితోపాటు నోరూ పనిచేయాలి. డెమో చేయమంటారు. ఫౌండేషన్ షేడ్‌ను ముంజేతి మీద కాదు, దవడ దగ్గర రాసి, వీలైతే పగటి వెలుతురులో చూపించండి. లిప్‌స్టిక్‌ను నేరుగా పెదాలకు తాకించకండి; కొంచెం గీకి ప్యాలెట్ మీదకు తీసి, శుభ్రమైన బ్రష్‌తో వేయండి. మస్కారాకు వాడి పారేసే బ్రష్ ఉండాలి. కంటికి తగిలినదాన్ని మళ్లీ ట్యూబులో ముంచారో, అక్కడితో సరి! తర్వాత, "కాటుక కోసం వచ్చినావిడకు ఇంకేం అమ్ముతావమ్మా?" అంటారు. ఆమె అవసరం కనుక్కుని ఒక్కటే సూచించండి, ఐదు కాదు.

ఒడిశాలోని మన తెలుగువాళ్లలో చాలామందికి ఒడియా, తెలుగు, హిందీ మూడూ వచ్చు. పర్లాకిమిడి, గుణుపురం నుంచి వచ్చే అమ్మాయిలూ, ఆ సంగతి అడక్కముందే చెప్పండి.

కొత్తవాళ్లకు నేనైతే కౌంటరే మేలంటాను. రకరకాల చర్మాలు రోజూ చేతికి తగులుతాయి. టార్గెట్ టెన్షన్ తప్పదు కాబట్టి కమీషన్ లెక్క చేరకముందే అడగండి. పార్లరైతే, ముహూర్తాలు లేని ఆషాఢంలో జీతం ఎలా ఇస్తారో అడగండి.