పాత ఓమ్నికి ఆయిల్ ప్రెషర్ గేజ్: చాలాకాలం వాడాక నా మాట

పాత వ్యాన్ నడిపే ప్రతి ఒక్కరి దగ్గరా మెకానికల్ ఆయిల్ ప్రెషర్ గేజ్ (ఇంజన్ ఆయిల్ ఒత్తిడిని ముల్లుతో చూపే మీటరు) కిట్టు ఉండాలి. నాది కార్బ్యురేటర్ మోడల్ ఓమ్ని, 796 సీసీ, మూడు సిలిండర్లు, విజయవాడలో కిరాణా సరుకు మోస్తుంది. ఈ వ్యాన్ తయారీ 2019లోనే ఆగిపోయింది కాబట్టి ఉన్న ఇంజన్‌నే జాగ్రత్తగా చూసుకోవాలి.

ఎండాకాలంలో బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర ఆగితే ఆయిల్ లైట్ మినుకుమినుకుమనేది, యాక్సిలరేటర్ కాస్త తొక్కగానే ఆరిపోయేది. సెన్సర్ పోయిందని ఒకరు, ఆయిల్ పంపు అని ఇంకొకరు, ఇంజన్ దింపాల్సిందేనని మరొకరు అన్నారు. మూడింటి ఖర్చుకీ పొంతనే లేదు, ఎవరి మాట వినాలో తెలియక ఒకటే టెన్షన్. ముందు చవకైన పని కదా అని ఆ సెన్సర్‌ని, అంటే ఆయిల్ ప్రెషర్ స్విచ్‌ని మార్పించాను, లైట్ అలాగే వచ్చింది, పైగా ఆ కొత్త స్విచ్ కొన్నాళ్లకే ఆయిల్ కారడం మొదలుపెట్టింది. ఆటోనగర్‌లో ఈ గేజ్ కొన్నది అప్పుడే.

అసలు ఆ ఎర్ర లైట్ ప్రెషర్ ఎంత ఉందో చెప్పదు. ఇంజన్ బ్లాక్‌కి బిగించిన చిన్న స్విచ్ ప్రెషర్ లేనప్పుడు వైరుని ఎర్త్‌కి కలుపుతుంది, లైట్ వెలుగుతుంది. సుమారు 4 నుంచి 7 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లలో ఒత్తిడి) దాటితే ఆ కలయిక తెగి లైట్ ఆరుతుంది, అంతే. ప్రెషర్ 8 ఉన్నా 50 ఉన్నా డాష్‌బోర్డు మీద తేడా ఏమీ కనిపించదు, కాబట్టి లైట్ రావడం లేదంటే అంతా బాగున్నట్టు కాదు. గేజ్ లేకుండా చేయగలిగిన పరీక్ష ఒకటుంది: కీ ఆన్ చేసి, ఇంజన్ స్టార్ట్ చేయకుండా, స్విచ్ వైరు పీకండి. అప్పటికీ లైట్ వెలుగుతూనే ఉంటే వైరు ఎక్కడో బాడీకి తగులుతోంది. ఆరితే వైరు బాగానే ఉంది, తేల్చాల్సింది స్విచ్ తప్పు చెబుతోందా లేక నిజంగానే ప్రెషర్ లేదా అన్నది. నడుస్తుండగా లైట్ వచ్చి ఆరకుండా ఉంటే మాత్రం ఈ పరీక్షలేవీ వద్దు, వెంటనే పక్కకి ఆపి ఇంజన్ ఆఫ్ చేయండి, డిప్‌స్టిక్ (ఆయిల్ లెవెల్ చూసే కడ్డీ) చూడండి, ఇంటిదాకా పోనిద్దాం అనుకుంటే బేరింగులు పోతాయి.

గేజ్‌ని స్విచ్ తీసి ఆ రంధ్రంలోనే బిగించాలి, అప్పుడు మర విషయం చూసుకోవాలి. స్విచ్ రంధ్రం 1/8 బీఎస్‌పీటీ (బ్రిటిష్ పైపు మర కొలత), అంగుళానికి 28 చుట్లు. కిట్టులో దాని కవల లాంటి 1/8 ఎన్‌పీటీ (అమెరికన్ పైపు మర) అడాప్టర్ కూడా ఉంటుంది, దానికి 27 చుట్లు. అది కూడా మొదట చేత్తో తిరుగుతుంది, తర్వాత బిగుసుకుంటుంది, స్పానర్‌తో బలవంతం చేస్తే బ్లాక్‌లో మర పాడవుతుంది. తిరిగి స్విచ్ పెట్టేటప్పుడు టెఫ్లాన్ టేపు మందంగా చుట్టకండి, ఆ స్విచ్‌కి ఎర్త్ దొరికేది మర ద్వారానే, అది తెగితే ప్రెషర్ పోయినా లైట్ వెలగదు.

ఇక నా వ్యాన్ సంగతి. బాగా వేడెక్కాక ఐడ్లింగ్‌లో ముల్లు 6 దగ్గర ఊగింది, 3000 ఆర్పీఎమ్ దగ్గర కూడా పాతికే. వెయ్యి ఆర్పీఎమ్‌కి 10 పీఎస్‌ఐ అని మెకానిక్‌లు చెప్పే మోటు లెక్క ప్రకారం ఇది తక్కువే, అంటే లైట్ నిజమే చెప్పింది. గేజ్ బిగించిన మెకానిక్ గారు డిప్‌స్టిక్ తీసి వాసన చూశారు: పెట్రోలు. లెవెల్ కూడా తగ్గాల్సింది పోయి పెరిగింది. మెకానికల్ పెట్రోలు పంపులో డయాఫ్రమ్ (లోపలి పలచటి పొర) చిరిగి పెట్రోలు ఆయిల్‌లోకి దిగి దాన్ని పలచన చేస్తోంది. పంపు, ఆయిల్, ఫిల్టర్ మార్చాక వేడి మీద ఐడ్లింగ్ 14కి, 3000 దగ్గర 40 పైకి వచ్చింది. ఇంజన్ దింపే అవసరమే రాలేదు.

చిక్కటి 20డబ్ల్యూ-50 ఆయిల్ (వేడి మీద 50 గ్రేడ్) పోసేయండి, లైట్ పోతుంది అని చాలామంది చెబుతారు. పోతుంది కూడా, 100 డిగ్రీల దగ్గర 40 గ్రేడ్ ఆయిల్ 12.5 నుంచి 16.3 సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలత) మధ్య ఉంటే 50 గ్రేడ్ 16.3 నుంచి 21.9 దాకా చిక్కగా ఉంటుంది. కానీ నా ఇంజన్‌లో పెట్రోలు కారడం అలాగే సాగేది, నాకు తెలిసేది కాదు. కారణం తేలకుండా చిక్కటి ఆయిల్ పోయడాన్ని నేను ఒప్పుకోను.

కిట్టు లోపాలు: ట్యూబు వేడికి గట్టిపడితే మార్చాను, డయల్‌లో గ్లిజరిన్ పసుపెక్కింది, చిన్న బుడగ చేరింది, చదవడానికి ఇబ్బంది లేదు. ముల్లు ఇప్పటికీ సున్నాకే దిగుతుంది. దీన్ని పర్మనెంట్‌గా క్యాబిన్‌లో పెట్టుకుందామనుకునేవాళ్లకి మాత్రం వద్దంటాను, ఓమ్నిలో ఇంజన్ సీటు కిందే ఉంటుంది, ట్యూబు ఊడితే మరిగే ఆయిల్ కాళ్ల మీద పడుతుంది. ప్రతి ఆయిల్ చేంజ్ ముందు, ఇంజన్ వేడి మీద ఉండగానే కొలిచి నోట్‌బుక్‌లో రాస్తున్నాను. 14 నెమ్మదిగా 11కి వచ్చింది, డిప్‌స్టిక్‌లో పెట్రోలు వాసన లేదు, ఇది వయసుతో వచ్చే అరుగుదలే. 8కి దిగితే సంప్ (ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) దింపి స్ట్రైనర్ (ఆయిల్ జల్లెడ), షెల్ బేరింగులు చూద్దామని మెకానిక్ గారితో అనుకున్నాం.