స్క్రీన్‌షాట్ టికెట్ కొనకండి, నాలా గేటు దగ్గర నిలబడకండి

నిద్ర పట్టక రాస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి. రాత్రి రాక్ షో టికెట్ విషయంలో నిలువునా మునిగాను. అమ్మినవాడు మీలో చాలామందికి తెలుసు. ఏ బ్యాండ్ టూర్ ప్రకటించినా "ఒక ఎక్స్‌ట్రా టికెట్ ఉంది, నిజమైన ఫ్యాన్‌కే ఇస్తా" అంటూ ప్రత్యక్షమవుతాడే, వాడే. ఆ నిజమైన ఫ్యాన్‌ని నేనే.

ఆన్‌లైన్ క్యూలో నా వంతు వచ్చేసరికి టికెట్లు అయిపోవడం, వీణ్ణి అడగడం, రెట్టింపు ధర చెప్పడం, నేను కళ్లు మూసుకుని పంపేయడం, అదంతా మామూలే. యాప్‌లో ట్రాన్స్‌ఫర్ చెయ్యమంటే "యాప్ మొరాయిస్తోంది తమ్ముడూ, స్క్రీన్‌షాట్ చాలు, ఎవరూ అడగరు" అన్నాడు. తమ్ముడూ అన్నాడుగా, కరిగిపోయాను.

ఇక గేటు. నా ముందువాళ్లందరికీ పచ్చ లైటు. నాకు ఎరుపు. స్కానర్ పట్టుకున్న అమ్మాయి బ్రైట్‌నెస్ పెంచమంది, పెంచాను. చొక్కా అంచుతో తెర తుడిచి మళ్లీ పెట్టాను. మళ్లీ ఎరుపే. స్కానర్ నా వైపు తిప్పి చూపించింది: ఈ టికెట్ 6:12కే స్కాన్ అయింది. అప్పుడు టైము 6:50. నాకన్నా నా టికెట్‌కే తొందరెక్కువ! వెనక క్యూ సణుగుతుంటే పక్కకి జరిగి వాడికి ఫోన్ చేశాను. మూడోసారికి ఎత్తాడు.

గోడ అవతల మొదటి బ్యాండ్ వాయించేస్తోంది. ఒక చెవిలో గోడ మీదుగా డ్రమ్స్, ఇంకో చెవిలో ఫోన్‌లోంచి అవే డ్రమ్స్. వాడు లోపలే ఉన్నాడు! "అన్నా, టికెట్ తీసుకోవట్లేదు" అన్నాను. అప్పటికీ అన్నా అనే అన్నాను, నా బుద్ధికి. "నువ్వు లేటుగా వస్తే నేనేం చేస్తాను? ముందొచ్చినవాళ్లదే" అని నవ్వాడు. ఎంతమందికి అమ్మావురా అని అడిగేలోపు కట్. ఆ వెంటనే బ్లాక్.

తర్వాత మూడు పాటల దాకా అక్కడే నిలబడ్డాను. గోడ దాటి వచ్చేది బేస్, డ్రమ్సే. గిటార్, గొంతు సరిగ్గా అందవు. ఆ దడదడ బట్టి ఏ పాటో పోల్చుకుంటూ ఉన్నాను, పెద్ద పరీక్ష రాస్తున్నట్టు. చెవులు పాడవకుండా కొన్న ఇయర్‌ప్లగ్‌లు సీలు కూడా విప్పకుండా జేబులోనే ఉన్నాయి.

బ్యాంకువాళ్లు "మీరే పంపారు కదా సార్" అన్నారు. నిజమే, నేనే పంపాను.

అన్నట్టు, మీకోసం: ఒకే స్క్రీన్‌షాట్ వందమందికి అమ్మొచ్చు, మొదట స్కాన్ అయినవాడే లోపలికి. కొన్ని యాప్‌లలో కోడ్ కొన్ని సెకన్లకోసారి మారుతుంది, అక్కడ స్క్రీన్‌షాట్ అసలే పనికిరాదు. టికెట్ మీ అకౌంట్‌లోకి ట్రాన్స్‌ఫర్ అయ్యాకే డబ్బు పంపండి. యాప్ మొరాయిస్తోందంటే వదిలేయండి.

ఇందాకే ఫ్రెండ్ ఒకడు పంపాడు: రేపటి షోకి వాడి దగ్గర మళ్లీ ఒక ఎక్స్‌ట్రా టికెట్ ఉందట.