డాట్సన్ 240జెడ్‌లో ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్: వెడల్పు టైర్లతో చాలాకాలం నడిపాక

1970ల నాటి జపాన్ స్పోర్ట్స్ కారు డాట్సన్ 240జెడ్ కంపెనీ నుంచి వచ్చింది 4.5 అంగుళాల రిమ్ములు, 175 సైజు టైర్లతో. స్టీరింగ్ ఈ కొస నుంచి ఆ కొసకి మూడు చుట్లు కూడా తిరగదు. ఆ టైర్లకి అది సరిపోయింది. 7 అంగుళాల రిమ్ములు, 225/50 ఆర్15 టైర్లు ఎక్కిస్తే మాత్రం పార్కింగ్‌లో భుజాలు పట్టేస్తాయి. తప్పంతా టైరు వెడల్పుది కాదు. ఆఫ్‌సెట్ (రిమ్ము మధ్యగీత నుంచి హబ్‌కి బిగించే ముఖానికున్న దూరం) తక్కువున్న రిమ్ము చక్రాన్ని బయటికి నెడుతుంది, దాంతో టైరు ఉన్నచోటే తిరగకుండా నేలని ఈడ్చుకుంటూ తిరుగుతుంది.

అందుకే స్టీరింగ్ తిప్పడానికి సాయపడే ఎలక్ట్రిక్ మోటారు కొనేముందు ముందు చక్రాలు జాకీ మీద లేపి స్టీరింగ్ తిప్పి చూడాలి. గాల్లో కూడా బిగుతుగా ఉంటే సస్పెన్షన్ స్ట్రట్ పైనున్న బేరింగో, బాల్ జాయింటో, ర్యాక్‌లో (స్టీరింగ్ తిప్పితే పక్కకి కదిలి చక్రాల్ని తిప్పే పళ్ల కడ్డీ) ఎండిపోయిన గ్రీజో కారణం. వాటిని వదిలేసి మోటారు పెడితే జబ్బు కనబడకుండా పోతుంది, అంతే.

హైడ్రాలిక్ జోలికి పోకపోవడమే మేలు. పంపు, పుల్లీ, హోసులు, వేరే ర్యాక్, ఆపైన ఆయిల్ కారడం. స్టీరింగ్ కాలమ్ (స్టీరింగ్ చక్రం నుంచి కిందికి దిగే గొట్టం) మీద కూర్చునే ఎలక్ట్రిక్ మోటారు డాష్‌బోర్డు కిందే ఇమిడిపోతుంది. చిన్న కార్ల నుంచి మోటారుతో సహా తీసిన కాలమ్, దానికో కంట్రోల్ బాక్స్ సరిపోతాయి. ఆ బాక్స్ మోటారుని నడిపే ఈసీయూకి (చిన్న కంప్యూటర్‌కి) దొంగ స్పీడ్ సిగ్నల్ పంపుతుంది, నాబ్ తిప్పితే సాయం పెరగడం, తగ్గడం చూడొచ్చు.

అసలు పనంతా షాఫ్టు దగ్గరే. పాత షాఫ్టు ముక్కని కొత్త కాలమ్‌కి స్లీవ్ వేసి వెల్డ్ చేసేటప్పుడు టార్క్ సెన్సర్‌కి (చెయ్యి ఎంత బలంగా తిప్పుతోందో కొలిచేది) వేడి తగలకూడదు. తడిగుడ్డ చుట్టి, కాస్త కాస్తగా ఆగుతూ వెల్డ్ చేయాలి. సెన్సర్ దెబ్బతింటే స్టీరింగ్ వదలగానే తనంతట తనే ఒక పక్కకి లాగుతుంది. రెండు యూనివర్సల్ జాయింట్లు ఉంటే రెండింటి ఫోర్కులూ ఒకే వరసలో ఉండాలి, లేకపోతే ఒక్క చుట్టులో రెండుసార్లు బరువెక్కి రెండుసార్లు తేలికవుతుంది. ప్రమాదంలో ముడుచుకునే భాగాన్ని మాత్రం వెల్డింగ్‌తో బిగించేయొద్దు.

మోటారు బలమంతా ఇప్పుడు కింది షాఫ్టు మీద పడుతుంది. ర్యాక్ దగ్గరి రబ్బరు కప్లింగ్, ర్యాక్‌ని పట్టుకునే రబ్బరు బుష్‌లు పాతవైతే స్టీరింగ్ తిరిగాక ఒక క్షణం ఆగి చక్రం కదులుతుంది. బుష్‌లకి పాలీయురేథేన్ వేస్తే ఆ ఆలస్యం పోతుంది.

కరెంటు సంగతి చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. ఆగిన బండిలో స్టీరింగ్ తిప్పితే 40, 50 ఆంపియర్లు లాగేస్తుంది. 240జెడ్ ఒరిజినల్ ఆల్టర్నేటర్ మొత్తం శక్తి కూడా ఇంచుమించు అంతే. పైగా ఈ కారులో చార్జింగ్ కరెంటంతా డాష్‌లోని అమ్మీటర్ గుండా పోతుంది, యాభై ఏళ్ల నాటి ఆ కనెక్షన్లు వేడెక్కుతాయి. పెద్ద ఆల్టర్నేటర్ వేసి, దాన్నుంచి బ్యాటరీకి ఫ్యూజుతో వేరే లావు కేబుల్ లాగాలి. అప్పుడు అమ్మీటర్ తక్కువ చూపిస్తుంది, చూపించనీ. మోటారుకి బ్యాటరీ దగ్గరే 60 ఆంపియర్ల ఫ్యూజ్, 10 చదరపు మిల్లీమీటర్ల తీగ. ఎర్త్ కూడా బ్యాటరీకే.

హైవే మీద మొదట నిరాశే. నాబ్ పార్కింగ్‌కి సరిపడా పెంచి వదిలేస్తే వేగంలో కారు తేలిపోతుంది, మలుపు తర్వాత స్టీరింగ్ వెనక్కి రాదు. మోటారు గేర్ల రాపిడి కొంత, మూడు డిగ్రీల లోపున్న ఒరిజినల్ క్యాస్టర్ (చక్రం పక్కకి తిరిగే ఇరుసు వెనక్కి వాలిన కోణం) కొంత. అడ్జస్టబుల్ టెన్షన్ రాడ్లతో క్యాస్టర్‌ని 5, 6 డిగ్రీలకి తెస్తే కారు నిటారుగా పోతుంది. మోటారు లేకుండా ఇంత క్యాస్టర్ పెడితే తిప్పలేం. నిజానికి ఈ మార్పులో పెద్ద లాభం పార్కింగ్ కాదు, ఇదే. తర్వాత నాబ్‌ని మధ్యకంటే కిందికి దించితే రోడ్డు స్పర్శ చాలావరకు చేతికి తిరిగొస్తుంది.

అరిగేవి టైరాడ్ ఎండ్లు, అంటే ర్యాక్‌ని చక్రాలకి కలిపే కడ్డీల కీళ్లు. చేతికి తేలికైపోవడంతో నిలిచిన చోటే తిప్పేసే అలవాటు వస్తుంది, వాటి ప్రాణం మీదికొస్తుంది. వరసగా ముందుకీ వెనక్కీ తిప్పితే మోటారు వేడెక్కి సాయం తగ్గిస్తుంది, చల్లారాక మామూలే. ఫ్యూజ్ పోతే మాత్రం క్లచ్ లేని రకం మోటార్లు ఎదురు లాగుతాయి, స్టీరింగ్ మునుపటికంటే బరువు. స్పేర్ ఫ్యూజ్ ఒకటి గ్లవ్ బాక్స్‌లో ఉంచుకోండి.