చిన్న కీబోర్డు, పెట్టెలో వచ్చిన పెద్ద ఉపయోగాలు

గేమింగ్ కోసం మెకానికల్ కీబోర్డు కొనేవారు ఎక్కువగా లైట్లనూ, ప్రతి మీట కింద ఉండి నొక్కును నమోదు చేసే స్విచ్చుల రకాన్నీ చూసి నిర్ణయించుకుంటారు. వెంట వచ్చే వస్తువుల గురించి పెట్టె తెరిచేదాకా ఆలోచించరు. నేను తీసుకున్న ఈ 60 శాతం పరిమాణపు కీబోర్డు విషయంలో మాత్రం, అది ఎన్నేళ్లు పనికొస్తుందో నిర్ణయించేవి ఆ చిన్న వస్తువులేనని నాకు గట్టిగా అనిపించింది.

పెట్టె తెరవగానే కీబోర్డుకు సరిగ్గా అమరే పారదర్శక ప్లాస్టిక్ మూత కనిపిస్తుంది. దాన్ని పారవేయకండి, వాడనప్పుడు దుమ్ము పడకుండా కప్పి ఉంచడానికి చక్కగా సరిపోతుంది. పూర్తి పరిమాణపు కీబోర్డులో 104 మీటలు ఉంటే ఇందులో 61 మాత్రమే ఉన్నాయి. కుడివైపు అంకెల విభాగం, ఎఫ్1 నుంచి ఎఫ్12 దాకా ఉండే ఎఫ్ వరుస, బాణం గుర్తులు తొలగించడం వల్ల మౌస్ కదలికకు చాలా చోటు మిగులుతుంది. మౌస్ వేగాన్ని తక్కువగా పెట్టుకుని చేతిని దూరం జరిపి గురిచూసే షూటింగ్ ఆటగాళ్లకు ఇది నిజమైన ప్రయోజనం. తొలగించిన పనులన్నీ ఎఫ్ఎన్ మీటతో కలిపి నొక్కితే జరుగుతాయి. ఆ జతలను మీటల ముందు అంచుపై ముద్రించారు కనుక, అక్షరాలు మరీ సన్నగా ఉన్న వివరణ పత్రాన్ని మాటిమాటికీ వెతుక్కోనవసరం లేదు.

ఇక అసలు సంగతికి వస్తే, కీక్యాపులు, అంటే మీటల పై తొడుగులు తీసే సాధనాన్ని తీగ రకంలో ఇచ్చారు. చవకగా దొరికే ప్లాస్టిక్ ఉంగరం రకం పక్కనున్న మీటల అంచులను గీరే ప్రమాదం ఉంది. తీగ మాత్రం క్యాప్ కిందికి రెండు వైపులా దూరి దాన్ని నిటారుగా పైకి లేపుతుంది. దానితోపాటు స్విచ్చులు ఊడదీసే పట్టకారు, నాలుగు అదనపు స్విచ్చులు ఉన్నాయి. స్విచ్చును గుచ్చి ఊడదీయగలిగే హాట్ స్వాప్ సాకెట్లు ఉన్నందున ఒక స్విచ్చు పాడైతే సోల్డరింగ్ అవసరం లేకుండా మనమే మార్చుకోవచ్చు. అయితే కొత్తది పెట్టేముందు దాని అడుగున ఉన్న రెండు లోహపు కాళ్లు నిటారుగా ఉన్నాయో లేదో తప్పక చూడాలి. వంగిన కాలును బలవంతంగా నొక్కితే సాకెట్టే బోర్డు నుంచి ఊడిపోవచ్చు. టైప్-సి కేబులు విడదీయగలిగేది కావడం కూడా ఇలాంటి మేలే, ఎందుకంటే కేబులు తెగినంత మాత్రాన కీబోర్డు మూలన పడదు.

స్విచ్చులు ఎరుపు రంగు లీనియర్ రకం. సుమారు 45 గ్రాముల ఒత్తిడికి, రెండు మిల్లీమీటర్ల లోతులోనే నొక్కు నమోదవుతుంది. మధ్యలో అడ్డు తగలదు, టిక్కుమనే శబ్దమూ ఉండదు. పీబీటీ అనే గట్టి ప్లాస్టిక్ కీక్యాపులపై అక్షరాలను డబుల్ షాట్ పద్ధతిలో, అంటే వేరే రంగు ప్లాస్టిక్‌తోనే పోతపోశారు కాబట్టి అవి చెరిగిపోవు.

స్పేస్ బార్ కింద, ఆ పొడవైన మీట ఒక పక్కకు ఒరగకుండా ఆపే స్టెబిలైజర్లకు గ్రీజు సరిగా పూయలేదు. నొక్కినప్పుడల్లా గలగలమనే చప్పుడు మిగతా మీటల నిండైన ధ్వని మధ్య చికాకు కలిగిస్తుంది. ఇన్ని సాధనాలు ఇచ్చిన తయారీదారు ఆ పని కూడా కర్మాగారంలోనే పూర్తి చేయవలసింది.

ఆటలతోపాటు పట్టికలు, పత్రాలు దిద్దే పని రోజూ ఉన్నవారు, బాణం మీటలు విడిగా ఉండే 65 శాతం నమూనాను తీసుకోవడం మంచిది.