కామిక్ పుస్తకానికి ముందే పైసలు కడుతున్నరా? జర ఆగుండ్రి

అన్నలూ, అక్కలూ, మన వరంగల్ యాసల ప్రతి శుక్రవారం ఆన్‌లైన్‌ల వచ్చే హాస్టల్ పిల్లల కామిక్ ఒకటుంది. పేరు రాస్తలేను, ఎందుకో కింద చెప్త. చదివేటోళ్లకు ఈపాటికే సమజయ్యుంటది. దాని పుస్తకానికి, గీసేటాయన మళ్ల బుకింగ్ తెరిచిండని నిన్న చూసిన. పోయినసారి కట్టినోళ్లకే ఇంకా పుస్తకం రాలే. గందుకే ఈ పోస్టు.

నేను దానికి శత్రువును కాను. మూడేండ్ల సంది ఒక్క వారం తప్పకుండ చదివినోణ్ణి. హన్మకొండల నాకు జిరాక్స్, డీటీపీ షాపుంది. నచ్చిన పేజీలు కలర్ ప్రింట్ తీసి గోడకు అంటిచ్చేది. సినిమాలల్ల మన మాట ఎక్కువ రౌడీకో, కమెడియన్‌కో పెడుతుండె. ఈ కామిక్‌ల పోరడు అదే మాట మాట్లాడుకుంట లెక్కల పరీక్షల ఫస్టొస్తడు. సర్వపిండిని గిన్నప్ప అనే అంటడు. సంక్రాంతి సెలవులైనంక వాళ్లమ్మ కట్టిచ్చిన సకినాల డబ్బా ఒళ్లె పెట్టుకోని కాజీపేట ప్లాట్‌ఫారం మీద కూసున్న బొమ్మొకటి ఉండె. మాటల్లేవు, డబ్బా మూత మీద చెయ్యి అంతే. దాన్ని చూసి నాకు మా అమ్మ యాదికొచ్చింది. అట్లాంటి బొమ్మ గీసినోడు మోసం చేస్తడని ఎవడనుకుంటడు?

పోయిన దసరాకు పుస్తకం ప్రకటించిండు. 64 పేజీలు, రంగులల్ల, అట్ట మీద చేర్యాల బొమ్మల లెక్క ఎర్ర రంగు, సంక్రాంతికి చేతిల పెడుత అన్నడు. ధర 499. దాని మీద 18 శాతం జీఎస్టీ 90, కొరియర్ 60. మొత్తం 649. పైసలు పోయింది ఏ కంపెనీ ఖాతాకు కాదు, ఆయన సొంత యూపీఐకి. అచ్చు పుస్తకాల మీద జీఎస్టీ లేదు. పొద్దుందాక బిల్లు పుస్తకాల మధ్యల కూసునే నాకు ఈ ముచ్చట తెలుసు. తెలిసి కూడ, మనోడే కదా అని రెండు కాపీలకు 1298 కొట్టిన. మా అక్క బిడ్డ ట్యూషన్ పైసలల్లకెల్లి ఒకటి బుక్ చేసుకుంది.

సంక్రాంతి పోయింది, ఉగాది పోయింది. ఒకసారి పేపర్ ధర పెరిగిందంటడు, ఒకసారి ప్రెస్సోళ్లు లేట్ చేస్తున్నరంటడు. అడిగినోళ్లకు నేనే సర్దిచెప్పేది, ఒక్కడు గీసుకుంట ఒక్కడే అన్నీ చూసుకుంటడు, జర టైం ఇయ్యుండ్రి అని.

గప్పుడే ఒక శుక్రవారం ఎపిసోడ్‌ల కొత్త పిల్ల వచ్చింది. రెండు జడలు, లావు అద్దాలు, చేతిల సత్తు గిన్నె. హీరో ఎనుక పడి అడుక్కుంటది: "అన్నా పుస్తకం ఎప్పుడస్తది, మా బాపు అడుగుతుండు, లేకుంటే పైసలు వాపాస్ ఇయ్యుండ్రి." కింద అందరు ఒకటే నవ్వుడు. అబద్ధమెందుకు, నేను గూడ నవ్విన. షాపు వాట్సాప్ స్టేటస్‌ల గూడ పెట్టిన.

మర్నాడు మా అక్క బిడ్డ ఏదో ప్రింటవుట్ తీసుకునేతందుకు షాపుకొచ్చింది. గోడ దిక్కు చూడకుండ అన్నది, "మామా, గది నేనే."

ఫోన్ తీసి చూపిచ్చింది. రెండు దినాల ముంగట ఆయనకు పర్సనల్‌గ పెట్టిన మెసేజ్. అక్షరం మారలే. 'వాపస్' అనబోయి 'వాపాస్' అని కొట్టిన తప్పు గూడ అట్లనే దించిండు. ఆ జడలు, ఆ అద్దాలు ఆమె ప్రొఫైల్ ఫొటోల ఉన్నయే. కాలేజీల దోస్తులు గుర్తుపట్టి "సత్తు గిన్నె" అని పిలుస్తున్నరట. ఖాతా మూసేసుకుంది. ఏ యాసను చూసి మనం ఆయన్ని నెత్తిన పెట్టుకున్నమో, అదే యాసల ఓ పిల్ల తన పైసలు తను అడిగితే అది ఆయనకు నవ్వులాట అయ్యింది.

స్టేటస్ తీసేసిన. ఆయనకు మెసేజ్ పెట్టిన. తిట్టలే. ఏ ప్రెస్సు, ఎన్ని ఫారాలు అచ్చయినయి, ఏం పేపర్ అని అడిగిన. 64 పేజీలంటే ఫారానికి 16 పేజీల లెక్కన నాలుగు ఫారాలు. ఫైళ్లు చేతికొస్తే ప్లేట్లు, అచ్చు, మడత, పిన్ను, కటింగ్ అన్నీ కలిపి పది దినాలైతే ఎక్కువ. నెలలకు నెలలు ఆగిందంటే అది ప్రెస్సుల ఆగలేదు, ఫైలే ప్రెస్సుకు పోలేదని నా అనుమానం. జవాబు రాలే. నన్ను బ్లాక్ చేసిండు.

తర్వాత పదకొండు మందిమి కలిసి అడిగితే ఆ ఎపిసోడ్ తీసేసిండు, క్షమాపణ మాత్రం లేదు. మా పిల్లకు 499 వాపస్ వేసిండు. జీఎస్టీ, కొరియర్ వాపస్ రావట! రాని పుస్తకానికి కొరియర్ ఎవరు తెచ్చిండ్రో ఆయనకే తెల్వాలె. నా 1298 ఇంకా రాలే.

పేరు ఎందుకు రాస్తలేనంటే, రాస్తే ఆయన అభిమానులు మళ్ల మా పిల్లనే వెతుక్కుంట పోతరు. ఇదంతా ఆమెకు చూపిచ్చి, సరే అన్నంకనే పెడుతున్న.

ఆ కామిక్‌కు నెలకు 99 కట్టేటోళ్లు గుర్తు పెట్టుకోండ్రి, ఆపమని ఆయన్ని బతిమిలాడే పని లేదు. మీ యూపీఐ యాప్‌లనే ఆటోపే అని ఉంటది, అండ్ల రద్దు చేసుకోవచ్చు. నేను అట్లనే చేసిన. పుస్తకానికి కట్టినోళ్లు పేమెంట్ రసీదు, సంక్రాంతికి ఇస్తనన్న ప్రకటన, మీ మెసేజ్‌లు ఇయ్యాళ్లనే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండ్రి. బ్లాక్ చేసినంక దొరకయి. వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబర్ 1915. అండ్ల తెగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉండనే ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చినంక అవతలోడు యాడున్నా మనముండే జిల్లాలనే కేసు వేయొచ్చు, కట్టిన పైసలు 5 లక్షల దాకైతే ఫీజు లేదు, రెండేండ్ల గడువుంది. ఆరొందల కోసం కమిషన్ దాక ఎవరు పోతరని ఆయన ధీమా. నేను పోతున్న, కాయితాలు తయారైతున్నయి.

కొత్తగ బుక్ చేద్దామనుకునేటోళ్లు ముందుగాల ఒక్క పని చేయుండ్రి. పోయినసారి పుస్తకం ఎంతమందికి చేరింది అని అందరి ముంగట అడుగుండ్రి. జవాబొస్తదా, బ్లాకొస్తదా చూడుండ్రి.

శుక్రవారం పొద్దుగాల చెయ్యి ఇంకా ఫోన్ మీదికి పోతనే ఉంది. ఆ కాజీపేట బొమ్మ గూడ గోడ మీదికెల్లి పీకేసిన. దానికి మాత్రం మస్తు బాధైంది.

ఫిర్యాదు కాయితాలు రాయనీకి రానోళ్లు ఎవలన్న ఉంటే కింద చెప్పుండ్రి, షాపు అడ్రస్ పంపిస్త. టైపింగుకు, ప్రింటుకు పైసలు తీసుకోను. మధ్యాహ్నం రెండింటి నుంచి మూడింటి దాక మాత్రం రాకుండ్రి, బువ్వకు పోత.