లద్దాఖ్ మొదటిసారి వెళ్లేవాళ్లకి

ఢిల్లీలో తెల్లవారుజామున విమానం ఎక్కితే గంటన్నర లోపే లేహ్‌లో ఉంటాం. చిక్కంతా అక్కడే. లేహ్ ఎత్తు దాదాపు 3,500 మీటర్లు. హైదరాబాద్ గాలికి అలవాటుపడ్డ ఒంటికి అది సర్దుకోవడానికి రెండు రోజులు పడుతుంది. బాగానే ఉంది కదా అని మా ఆయన దిగిన సాయంత్రమే శాంతి స్తూపం మెట్లన్నీ ఎక్కారు. ఆ రాత్రంతా తలనొప్పి, వాంతులు. మేం దిగిన హోమ్‌స్టే పెద్దావిడ గంటకోసారి వేడినీళ్లు తెచ్చిచ్చారు. అక్కడ పెద్దావిడల్ని ‘అమాలే’ అంటారు, అంటే అమ్మ అని. హోటల్‌కి బదులు ఆ ఇంట్లో దిగడం మా అదృష్టం. మొదటి రెండు రోజులు నిద్ర, నీళ్లు, బజారు దాకా నెమ్మదిగా నడక, అంతే పెట్టుకోండి. ఎత్తుకి ఒళ్లు సర్దుకోవడానికి వాడే డయామాక్స్ మాత్రల గురించి బయల్దేరక ముందే డాక్టర్ని అడగండి, సల్ఫా మందులు పడనివాళ్లు మరీ ముఖ్యంగా.

తర్వాత పాంగాంగ్ సరస్సుకి కాదు, ముందు నుబ్రా లోయకి వెళ్లండి. దారిలో 5,359 మీటర్ల ఖర్దుంగ్ లా కనుమ దాటాలి గానీ, అవతల లోయ లేహ్ కన్నా పల్లంలో ఉంటుంది, రాత్రి హాయిగా నిద్ర పడుతుంది. హుందర్ ఇసుక తిన్నెల మీద రెండు మూపురాల ఒంటెలు పిల్లలకి పండగే. నా మనసు మాత్రం తుర్తుక్‌లో ఉండిపోయింది. అది బల్తీ జాతివాళ్ల ఊరు, 1971 యుద్ధంలో పాకిస్తాన్ చేతిలోంచి భారత్‌లోకి వచ్చింది. మన మిద్దెల మీద ఒడియాలు పెట్టినట్టు అక్కడ ఆప్రికాట్లు ఆరబెడతారు. మేం పూటలో చూసి వచ్చేశాం, మీరు ఒక రాత్రి ఉండండి.

పాంగాంగ్ నీలం ఫొటోల్లో చూసినదానికంటే గొప్పగా ఉంది. ఒడ్డున గుడారంలో బస మాత్రం డబ్బుకి తగ్గట్టు లేదు. సెప్టెంబరులోనే ఎముకలు కొరికే చలి, పొద్దున ఇస్తామన్న వేడినీళ్లు అరబకెట్టు. ఈసారి వెళితే ఆ ఒడ్డునే ఉన్న మెరాక్ ఊళ్లో ఎవరింట్లోనైనా ఉంటాను.

ట్యాక్సీలకి యూనియన్ రేట్లు ఖాయం, బేరం ఉండదు. ఒంటరిగా వెళ్లేవాళ్లు షేరింగ్ వెతుక్కోవచ్చు. నగదు లేహ్‌లోనే తీసి పెట్టుకోండి. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు అక్కడ పనిచెయ్యవు, పోస్ట్‌పెయిడ్ ఒక్కటైనా ఉండాలి. మా ఇద్దరివీ ప్రీపెయిడే. ఫోను కలవక మా అమ్మ రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదట.