భీమవరంలో సీఎఫ్ఏ కోచింగ్: సారుకి ఫుల్ మార్కులు, ఆఫీసు రూముకి కాదు

మా భీమవరంలో ఎవరైనా ఫైనాన్షియల్ అనలిస్ట్ అవుతానంటే మొన్నమొన్నటిదాకా వింతగా చూసేవారండి, ఇంజనీరింగ్ చేసి సాఫ్ట్‌వేర్‌కి పోవాలి లేదంటే చెరువులు చూసుకోవాలి, మధ్యలో ఇంకోటి లేదన్నట్టు. ఇప్పుడు సీఎఫ్ఏ, అంటే చార్టర్డ్ ఫైనాన్షియల్ అనలిస్ట్ కోర్సు, దాంట్లో లెవెల్ 1 చెప్పే సెంటర్ ఒకటి వచ్చింది, వీకెండ్ బ్యాచ్‌లో చేరాను. పేరు రాయట్లేదు, ఊళ్ళోవాళ్ళకి ఎలాగూ తెలిసిపోద్ది.

క్లాసు చెప్పే సారు మాత్రం సూపర్. తణుకు ఆంధ్రా షుగర్స్ యాన్యువల్ రిపోర్ట్ ప్రింట్ తీసి అందరికీ ఇచ్చి, పేరు చూసి ఆగిపోకండి, సెగ్మెంట్ల (ఏ వ్యాపారం ఎంతో విడివిడిగా చూపించే) పేజీకి వెళ్ళండి అన్నారు. చూస్తే పంచదార ఒక్కటే కాదు, కాస్టిక్ సోడా ఉంది, ఇంకా కెమికల్స్ ఉన్నాయి, ఇస్రో రాకెట్లకి వాడే ఇంధనం కూడా వాళ్ళు చేస్తారంట. తణుకు మీదుగా అన్నిసార్లు తిరిగినా ఆ సంగతి మాకెవ్వరికీ తెలీదు!

ఇంకోరోజు రొయ్యల మేత కంపెనీ తీసుకున్నారు. సోయా రేటు, ఫిష్‌మీల్ రేటు పెరిగితే మేత రేటు వెంటనే పెంచగలరా, పెంచలేకపోతే ఆ క్వార్టర్ మార్జిన్ ఏమవుద్ది అని అడిగారు, క్లాసులో సగం మంది చెరువులున్న ఇళ్ళవాళ్ళే కదా, ఇక ఒకటే గోల. మనం అప్పు మీద మేత తెచ్చుకుని పట్టుబడి అయ్యాక కడతాం చూడండి, అది డీలర్ పుస్తకంలో రిసీవబుల్స్, అంటే రావాల్సిన బాకీ, మరి వైట్‌స్పాట్ తెగులు వచ్చి చెరువు పోతే ఆ డబ్బు ఎంత వస్తదని రాసుకోవాలి, ఇలా లాగారు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద టారిఫ్ (దిగుమతి సుంకం) 50 శాతానికి తీసుకెళ్ళినప్పుడు ఎగుమతి కంపెనీల అంచనాలు ఎలా మార్చాలో ఎక్సెల్‌లో మాచేతే చేయించారు. షేర్ టిప్పుల కోసం వచ్చినోళ్ళు ఇద్దరు ముగ్గురు ఇక్కడే జారుకున్నారు లెండి.

ఇక ఆఫీసు రూము. ఏడాదిన్నరలో మొత్తం అయిపోద్ది, పెద్ద ప్యాకేజీ గ్యారంటీ అని మా నాన్నగారికి తెగ చెప్పేశారు. మొత్తం మూడు లెవెళ్ళు, ఒక్కో దానికి సుమారు 300 గంటలు చదవాలని సీఎఫ్ఏ ఇన్‌స్టిట్యూటే చెప్తది, అన్నీ పాసైనా కనీసం 36 నెలల్లో 4,000 గంటల సంబంధిత పని అనుభవం చూపిస్తేగానీ చార్టర్, అంటే పేరు పక్కన సీఎఫ్ఏ అని రాసుకునే హోదా, ఇవ్వరు. ఇవేవీ కౌన్సెలర్ నోట్లోంచి రాలేదు. ఎగ్జామ్ ఫీజు డాలర్లలో కట్టాలనీ, పాస్‌పోర్ట్ లేకపోతే రాయనివ్వరనీ, క్యాలిక్యులేటర్ కూడా టీఐ బీఏ 2 ప్లస్ గానీ హెచ్‌పీ 12సీ గానీ ఉండాలనీ సారే చెప్పారు, అప్పటికి మా బ్యాచ్‌లో చాలామందికి పాస్‌పోర్టే లేదు. ప్లేస్‌మెంట్ సెల్ అంటే వాట్సాప్ గ్రూపులో హైదరాబాద్ జాబ్ లింకులు పడేయడం, అంతే. లెవెల్ 2 అయితే రికార్డెడ్ వీడియోలే, ఆ మాట కూడా డబ్బులు కట్టాకే తెలిసింది.

ఉద్యోగం ఇక్కడే దొరుకుద్దా అని నాన్నగారు ఇప్పటికీ అడుగుతున్నారు. బ్యాంకుల్లో ఆక్వా లోన్లు చూసే క్రెడిట్ పనికి ఈ చదువు పనికొస్తదిగానీ ఈక్విటీ రీసెర్చ్ (కంపెనీల షేర్లని లెక్కగట్టే పని) అంటే మాత్రం హైదరాబాదో బెంగళూరో ముంబైయో వెళ్ళాల్సిందే, అది ఒప్పుకున్నాకే చేరండి. ఇంకా డౌటుంటే ముందు ఎన్ఐఎస్ఎం (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సెక్యూరిటీస్ మార్కెట్స్) వాళ్ళ రీసెర్చ్ అనలిస్ట్ ఎగ్జామ్ రాసి చూడండి, సిరీస్ 15 అది, ఖర్చు చాలా తక్కువ, ఈ సబ్జెక్టు మీకు పడుద్దో లేదో అక్కడే తేలిపోద్ది.

సారుకైతే ఐదుకి ఐదు, సెంటర్ మొత్తానికి మూడు. చేరేవాళ్ళు లెవెల్ 1 వరకే ఫీజు మాట్లాడుకోండి, లెవెళ్ళన్నీ కలిపి కాంబో ఆఫర్ అంటే వద్దనండి, రసీదు మీద ఏ లెవెల్‌కో రాయించుకోండి. మధ్యాహ్నం బ్యాచ్ వద్దు, కరెంటు పోతే ఆ రేకుల గదిలో కూర్చోలేం.